నాయినమ్మ గంపలో లేని గింజ

మా ఇంట్లో అటుక మీద నాయినమ్మ విత్తనాల గంపలు పదో పన్నెండో ఉండేవి. వెదురు గంపలకు ఎర్రమట్టి, పేడ కలిపి లోపలా బయటా అలికి, ఎండకు ఆరబెట్టి, అడుగున వేపాకు పరిచి, గింజల్లో పొయ్యి బూడిద కలిపి పోసి, మళ్ళీ పేడతోనే మూతి మూసేది. పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, అనుములు, ఉలువలు, నువ్వులు, పుంటికూర గింజలు, ఇవన్నీ ఏ గంపలో ఉన్నాయో ఆమెకు చీకట్లో కూడా తెలుసు. మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గర పడ్డదంటే ఒక్కో గంప కిందికి దిగేది. మూతి పగలగొట్టగానే పేడ వాసన, బూడిద వాసన, ఎండిన వేపాకు చేదు వాసన కలిసి ఇల్లంతా నిండేది. మీలో ఎవరి నాయినమ్మకైనా అలాంటి గంపలు ఉండి ఉంటే ఆ వాసన ఇప్పుడు మీకూ తగులుతూ ఉండాలి.

అట్లా గంపలు దించిన ఒకనాడు పక్కన కూర్చొని గింజలు చేతుల్లోకి తీసుకుంటూ, అన్నీ ఉన్నాయి కదా, మరి తంగేడు గింజలేవి అని అడిగాను. నాయినమ్మ చేట పక్కన పెట్టి నవ్వింది.

"తంగేడును ఎవరన్న ఇత్తుతరా పొరగా! దాన్ని భూదేవి ఇత్తుకుంటది. మనం దాని కొసలు తుంచకుంట ఉంటె సాలు."

మా ఊరు జహీరాబాదుకు మూడు నాలుగు కోసుల దూరం, ఝరాసంగం పోయే దిక్కు. ఊరికి ఒక పక్క నల్లరేగడి, ఇంకో పక్క ఎర్ర చెలక. రేగడి ఉన్నోళ్ళు యాసంగిలో జొన్నలు వేసుకొని నిమ్మళంగా ఉండేవాళ్ళు. మాకున్నది చెలకే. రెండు వానలు పడితే అరికాళ్ళకు ఎర్రగా పట్టే మట్టి, నాలుగు ఎండలు కాస్తే కాలికి గుచ్చుకునే మొరం. నాగలి ఒక జానెడు దిగితే చాలు, కింద గరుకుగా తగిలేది. ఆ నేల మీద మా నాయిన ఒకే చేనులో ఏడెనిమిది రకాలు కలిపి విత్తేవాడు. ఒకటి పోతే ఒకటి చేతికొస్తుందన్న లెక్క. ఏదీ రాని ఏడు కూడా ఉంటుంది, అప్పుడు కూలికి పోయేవాళ్ళం. అందరూ పోయేవాళ్ళు.

ఆ చెలక గట్ల మీద, బండ్ల బాట అంచుల్లో, పడావు పడ్డ భూముల్లో, శ్మశానం పక్కన, ఎక్కడ ఏమీ మొలవదో అక్కడల్లా తంగేడు ఉండేది. నిలువెత్తు గుబురు. గోధుమరంగు నున్నటి కొమ్మలు, చింతాకు కంటే కొంచెం పెద్దగా ఈనెకు రెండు వైపులా జంటలు జంటలుగా ఆకులు, ఎనిమిది నుంచి పన్నెండు జంటలు. ప్రతి ఈనె మొదట్లో, కొమ్మకు అతుక్కున్న చోట, రెండు గుండ్రటి చిన్న ఆకులు చెవుల్లా నిక్కి ఉంటాయి. మేము వాటిని తంగేడు చెవులనే వాళ్ళం. చాలా ఏళ్ళకు కాలేజీలో చదివేటప్పుడు, ఈ చెట్టుకు శాస్త్రవేత్తలు పెట్టిన సెన్నా ఆరిక్యులేటా అన్న పేరులో ఉన్నది కూడా చెవి మాటేనని తెలిసినప్పుడు, మా ఊరి పిల్లల పేరే నెగ్గినట్టు సంబరపడ్డాను.

భాద్రపదం వచ్చేసరికి గట్లు పచ్చబడేవి, పచ్చబడినవి పసుపుబడేవి. తంగేడు ఏడాది పొడుగునా అక్కడో పువ్వు ఇక్కడో పువ్వు పూస్తూనే ఉంటుంది గానీ వానలు వెనుకబట్టాక పూసే పూత వేరు. కొమ్మ కొమ్మకూ కొసన గుత్తి, గుత్తిలో కింద విచ్చిన పూలు, పైన గుండ్రటి మొగ్గలు, అన్నిటికంటే పైన ఇంకా ఆకు రంగులోనే ఉన్న గింజంత పిల్లలు. నాయినమ్మ చెప్పిన కొస అదే.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, ముందు రోజు పొద్దున్నే అక్కా నేనూ గంప తీసుకొని పోయేవాళ్ళం. పెత్రమాస నాడు చేసేది ఎంగిలిపూల బతుకమ్మ. ముందు రోజే తెంపి, నీళ్ళు చల్లి, రాత్రంతా ఉంచిన పూలతో పేరుస్తారు కనుక ఆ పేరు వచ్చిందని మా ఇంట్లో చెప్పేవాళ్ళు. వేరే ఊళ్ళల్లో వేరే కథలు ఉన్నాయి. మేము గట్లకు చేరేసరికి ఇంకా మంచు ఆరేది కాదు. జొన్నచేలల్లో గునుగు తెల్లగా, కొసన లేత గులాబి రంగుతో నిలబడి ఉండేది. మోకాళ్ళ దాకా తడిసేవాళ్ళం. తంగేడు కొమ్మ వంచగానే మంచు మెడ మీద పడేది, దానితో పాటు ఒక వాసన. మల్లెవాసన లాంటిది కాదు అది. పచ్చిశనగాకు నలిపితే వచ్చే వాసనకు కొంచెం తీపి కలిపినట్టు ఉంటుంది. దగ్గరికి పోతేనే తెలుస్తుంది, దూరానికి రాదు.

అక్కడ మాకు ముందే తుమ్మెదలు వచ్చి ఉండేవి. నల్లగా, నిగనిగలాడుతూ, బొటనవేలి కొసంత ఉండే తుమ్మెదలు. వాటికి భయపడకుండా చూడడం నేర్పింది అక్కనే. గాలిలో ఉన్నంతసేపు తుమ్మెద పాట బొంగురుగా ఉంటుంది. పువ్వు మీద వాలి, కాళ్ళతో గట్టిగా పట్టుకున్నదంటే, రెక్కలు ఆడకుండానే ఒంటిని ఝుమ్మని అదిరిస్తుంది, పాట సన్నబడి పైకి పోతుంది, పువ్వు మొత్తం వణుకుతుంది, పుప్పొడి దాని పొట్ట మీదికి రాలుతుంది. "సూడు తమ్మీ, పువ్వును కితకితలు పెడుతున్నది" అనేది అక్క. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కూడా మిగతా పూలలాగా ఊరికే రాలదు. కేసరాల కొసన సన్నటి రంధ్రంలోంచి, అట్లా అదిరిస్తేనే బయటికి వస్తుంది. అక్కకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చూసింది, అంతే.

ఒక ఆట కూడా ఉండేది. తంగేడు పువ్వు ఒకటి అరచేతిలో పెట్టుకొని చూడండి. ఐదు రేకులు, వాటి మీద ఎర్రటి సన్నటి ఈనెలు. నడుమ పది కేసరాలు. పైవి మూడు పొట్టివి, ఉత్తవి. నడిమివి నాలుగు. కిందివి మూడు పెద్దగా, వంగి, ముదురు రంగులో ఉంటాయి. వాటి పక్కన పచ్చటి కొడవలిలా వంగిన పిందె ఉంటుంది, రేపు కాయ అయ్యేది. ఆ కొడవలి కొన్ని పూలలో కుడికి వంగుతుంది, కొన్నిటిలో ఎడమకు. మాకది మీసం. కుడిమీసం పూలు నావి, ఎడమమీసం పూలు అక్కవి. గంప నిండేలోపు ఎవరివి ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఎన్ని పొద్దులు ఆడినా తేడా నాలుగైదు పూలకు మించేది కాదు, ఆ నాలుగైదు పూల కోసమే గట్టు మీద కొట్లాట. తర్వాత చదివిన పుస్తకాలలో ఈ కుడి ఎడమల సంగతి కనిపించింది. ఎడమమీసం పూవులో తుమ్మెద ఒంటికి ఒక పక్క అంటిన పుప్పొడి కుడిమీసం పూవు కొడవలికి అందడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటట. అంత పెద్ద కిటుకును మేము కొట్లాడుకోవడానికి వాడుకున్నాం.

తెంపడానికి మాత్రం కట్టుబాట్లు ఉండేవి. విచ్చిన గుత్తి గిల్లాలి, కొసన మొగ్గలున్న చిగురు వదలాలి. ఒకే చెట్టు ఖాళీ చేయకూడదు. కొమ్మ విరగకూడదు, విరిగితే ఇంటికి తేవాల్సిందే, పారేస్తే తిట్లు. తొమ్మిదోనాడు సద్దుల బతుకమ్మ అంటే, అప్పటిదాకా పూలు కావాలి కదా. ఊరంతా అవే గట్ల మీద పడి మొదటి రోజే దూసుకుంటే సద్దుల నాటికి ఏం పేరుస్తారు? నడుమ ఆరోనాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు. అమ్మవారు అలిగిందని పెద్దలు చెప్పే కారణం. నాకు మాత్రం ఆ ఒక్కరోజు గట్లకూ చెట్లకూ ఇచ్చిన సెలవులాగా తోస్తుంది. ఏడోనాడు పోయి చూస్తే మళ్ళీ గుత్తులు నిండుగా ఉండేవి.

ఇంటికి తెచ్చాక వాకిట్లో చాప పరిచి అమ్మ, చిన్నమ్మ, నాయినమ్మ, పక్కింటి పెద్దమ్మ చుట్టూ కూర్చునేవాళ్ళు. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, అంచున తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, మళ్ళీ తంగేడు. నడుమ బోలుగా ఉండకుండా తంగేడాకు, గునుగు కాడలు తరిగి నింపేవాళ్ళు. పైన గుమ్మడి పువ్వు, దానిలో పసుపు గౌరమ్మ. గునుగుకు రంగులద్దేవాళ్ళు గానీ తంగేడుకు అద్దరు. దానికి అవసరం లేదు.

పండుగ తొమ్మిది రోజులే. తంగేడుతో మాకు పని మాత్రం పన్నెండు నెలలు. పొద్దున లేస్తే పండ్ల పుల్ల అదే. వేప పుల్ల కంటే చేదు తక్కువ, వగరు ఎక్కువ, నమిలినకొద్దీ చిగుళ్ళు బిగుసుకున్నట్టు ఉంటుంది. ఎండాకాలం నాయిన చెలకలో కంప కొట్టడానికి పోయేటప్పుడు రుమాలు కింద నెత్తి మీద గుప్పెడు తంగేడాకు పెట్టుకునేవాడు. పొద్దుగూకి ఇంటికొచ్చి రుమాలు విప్పితే వాడిన ఆకు కింద పడేది, దాన్ని తీసి దూడ కాళ్ళ కింద వేసేవాడు. కుంట కింద పదెకరాల వరిమడులుండేవి. ఆ మడులవాళ్ళు నాటుకు ముందు తంగేడు రొట్ట కోసుకొచ్చి బురదలో తొక్కించేవాళ్ళు. పిల్లలను కూడా మడిలోకి దింపేవాళ్ళు తొక్కడానికి. నాలుగైదు రోజులకు ఆ మడిలోంచి కుళ్ళిన వాసన, దాని వెంట కొంగలు. కంది చెట్టు పీకితే వేళ్ళకు బుడిపెలుంటాయి, భూమికి బలం వాటితోనే వస్తుంది. తంగేడు కూడా ఆ పప్పుజాతిదే అయినా దాని వేళ్ళకు ఆ బుడిపెలు కనపడవు. అది ఇచ్చేదంతా ఆకుతోనే ఇస్తుంది.

పూలు నీడన ఎండబెట్టి, పెసర్లతో కలిపి విసిరి, ఆ పిండితో అమ్మ అక్కకు తలంటేది. కళ్ళు ఎర్రబడితే నాయినమ్మ తంగేడు గింజల సంగతి ఎత్తుకునేది. నాకు కలికం పెట్టబోతే పారిపోయిన సందర్భాలే గుర్తున్నాయి, పెట్టించుకున్నది గుర్తు లేదు. తంగేడు పూల కషాయం చక్కెర రోగానికి మంచిదని అప్పుడూ అనేవాళ్ళు, ఇప్పుడు పొట్లాలు కట్టి అమ్ముతున్నారు కూడా. తాగేవాళ్ళు తాగండి గానీ డాక్టరు ఇచ్చిన గోళీలు మాత్రం మానకండి.

మేకలు ఈ చెట్టును ముట్టవు, గొడ్లూ తినవు. అందుకే గట్టుకు కాపలాగా నిలిచింది. తినేవి ఒక్క ఆకుపచ్చ పురుగులు. అవి కొన్నాళ్ళకు పాలిపోయిన తెలుపు రంగు సీతాకోకచిలుకలై అదే గుబురు చుట్టూ తిరిగేవి.

ఊరి చివర వాగు ఒడ్డున లంద ఉండేది. అక్కడ తోళ్ళు పదును చేసే పెద్దమనిషిని మేమందరం తాతా అనే పిలిచేవాళ్ళం. చలికాలం పోయాక ఆయన గొడ్డలి భుజాన వేసుకొని గట్ల మీద తిరుగుతూ బాగా ముదిరిన తంగేడు కొమ్మలు చూసి మొదలుకు జానెడు పైన నరికేవాడు. అన్నీ కాదు, గుబురుకు రెండో మూడో. కొమ్మను బండ మీద పెట్టి కట్టెతో కొడితే చెక్క పట్టలు పట్టలుగా ఊడివచ్చేది. లోపలి పక్క తడిగా, లేత పసుపుగా ఉండి, చూస్తుండగానే గాలికి ఎర్రబడేది. వానలు పడగానే నరికిన మోడుకు నాలుగు పక్కలా చిగుర్లొచ్చేవి. రెండేళ్ళకు మళ్ళీ గుబురు. "నరికితెనే దీనికి బలం. ఏరు జోలికి పోవద్దు, అంతే" అనేవాడు తాత.

సున్నపు నీళ్ళల్లో నానబెట్టి వెంట్రుకలు గీకిన తోలును ఆయన సంచిలా కుట్టేవాడు. దానిలో దంచిన తంగేడు చెక్క నింపి, నీళ్ళు పోసి, మూడు కర్రల మీద వేలాడదీసేవాడు. సంచి నుంచి ఎర్రటి నీళ్ళు బొట్టు బొట్టుగా కింద కుండలోకి కారేవి. కుండ నిండగానే ఆ నీళ్ళు తీసి మళ్ళీ పైనుంచి పోసేవాడు. రోజుల తరబడి అదే పని. మాకు అక్కడి వాసన ముక్కులదిరేది, ఆయనకు ఆ వాసనే తెలిసేది కాదు. తంగేడు చెక్కలో 15 నుంచి 20 శాతం దాకా టానిన్ అనే వగరు పదార్థం ఉంటుందనీ, అదే పచ్చి తోలును కుళ్ళకుండా గట్టిపరుస్తుందనీ తర్వాత చదువుకున్నాను. ఒకప్పుడు మద్రాసు నుంచి ఇంగ్లండుకు పోయిన తోళ్ళు చాలావరకు ఈ చెక్కతోనే పదునెక్కాయి. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క ఓడల్లో వచ్చి దీన్ని పక్కకు నెట్టింది. మా వాగు ఒడ్డుకు మాత్రం ఏ ఓడా రాలేదు. తాత ఉన్నన్నాళ్ళూ తంగేడే.

ఆయన చేసిన తోలుతోనే మా బావి మోట. ఇనుప బొక్కెనకు కింద తోలు తొండం, ఎద్దులు మోట బాటలో కిందికి దిగుతుంటే గిలక కిర్రుమంటూ మోట పైకి రావడం, తొండం ఒరిగి నీళ్ళు దబ్బున కాలువలో పడడం, ఆ నీళ్ళకు తంగేడు చెక్క వగరు వాసన తగలడం. అల్లం మడికి, మిరప మడికి ఆ నీళ్ళే. మేము తాగినవీ ఆ నీళ్ళే. ఊరి బావులన్నిటికీ తోలు ఇచ్చిన తాత ఇల్లు మాత్రం ఊరికి ఎడంగా ఉండేది, ఆయన మా వాకిలి దాటి లోపలికి వచ్చేవాడు కాదు. ఆ వయసులో అది తప్పని నాకు తట్టలేదు, ఇప్పుడు తలుచుకుంటే తలవంపుగా ఉంటుంది.

1972 కరువు సంగతి చెప్పాలి. దక్కనులో ఆ కాలంలో పుట్టి పెరిగిన వాళ్ళెవరికీ వేరే చెప్పనక్కరలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మిరుగు పోయింది, ఆరుద్ర పోయింది, విత్తిన గింజ మట్టిలోనే ఉండిపోయింది. నాయినమ్మ గంపల్లో సగం గింజలే విత్తించింది. తక్కిన సగం పస్తులున్నా ముట్టనివ్వలేదు. జొన్నపిండిలో తగిరంచాకు కలిపి అమ్మ రొట్టె కొట్టేది. కరువులో కూడా తగిరంచ మొలిచింది. అది తంగేడుకు చెల్లెలి వరస, అదే జాతి. రెండు పూటల తినడం ఒక పూట అయింది. దానికి అలవాటు పడ్డాం, అంతే.

ఆ యేడు పెత్రమాస వచ్చింది. జొన్నచేలు లేవు కనుక గునుగు లేదు. పందిళ్ళు లేవు కనుక గుమ్మడి పువ్వు లేదు, బీర పువ్వు లేదు. బంతి ఎవరూ పోయలేదు. వాడకట్టు ఆడవాళ్ళందరూ మా వాకిట్లో కూడి, ఈసారి వద్దనుకుందామా అన్నారు. నాయినమ్మ చేటలో ఏదో చెరుగుతూ తలెత్తకుండానే అన్నది.

"గట్టు మీదికి పోయి సూడున్రి."

పోయి చూశాం. చెలక మొత్తం కాలిన రొట్టె రంగులో ఉంది. గట్ల మీద మాత్రం తంగేడు. ఆకు పలుచబడింది, గుబురు చిక్కిపోయింది, గుత్తులు చిన్నవైనాయి. పూత మాత్రం ఉంది. చెట్టు చిన్నదైనా దాని వేరు లోతుకు పోతుందని తాత అనేవాడు, ఆ ఏడు చూశాం. అక్కా నేనూ ఎప్పటికంటే దూరం తిరిగి, చెట్టుకు రెండు గుత్తుల లెక్కన, గంపలో సగం తెచ్చాం. మీసాల ఆట ఆడలేదు. తుమ్మెదలు కూడా తక్కువే ఉన్నాయి.

ఆ బతుకమ్మ అంతా తంగేడే. గుమ్మడాకు బదులు మోదుగాకు వేశారు. జానెడు ఎత్తు లేదు. గౌరమ్మకు పసుపు ఉంది. అలిగిన నాడు తప్ప మిగతా రోజులన్నీ అంతే చిన్నగా పేర్చి ఆడారు. సద్దుల నాడు ఐదు రకాల సద్ది లేదు. జొన్న సత్తుపిండిలో ఇంత బెల్లం కలిపిన ముద్దలు, మనిషికొకటి. సాగనంపడానికి కుంటలో నీళ్ళు లేవు. కుంట నడుమ మగవాళ్ళు తాగే నీళ్ళ కోసం తవ్విన చెలిమె ఉంది, నడుము లోతు గుంత, అడుగున బుడగలు బుడగలుగా ఊరే నీళ్ళు. తాగే నీళ్ళలో పూలు వేస్తారా? చెలిమె పక్కన పలుగుతో ఇంకో చిన్న గుంట తవ్వి, నాయినమ్మ ముంతతో చెలిమె నీళ్ళు ఒకటి, రెండు, మూడు ముంతలు దానిలో పోసి, బతుకమ్మలన్నీ ఒకదాని పక్కన ఒకటి దించింది. ఎర్రటి ఎండిన కుంటలో అరచేతి లోతు నీళ్ళు, వాటి మీద పసుపు. ఎవరూ ఏడవలేదు. అమ్మ పాట అందుకుంది, మిగతావాళ్ళు చప్పట్లు కలిపారు. చీకటి పడుతుంటే ఇళ్ళకు వచ్చేశాం.

ఏడాది తిరిగాక వానలు కురిసి కుంట నిండి, మళ్ళీ తగ్గినాక, ఆ గుంట తవ్విన చోటికి దగ్గరలో, కుంట ఒడ్డున, రెండు తంగేడు మొక్కలు లేచాయి. ఆ పూలతో పాటు ఏ కొమ్మకో ఎండిన కాయ ఒకటి ఉండి ఉంటుందని అక్క లెక్క.

అక్కను బీదరు పక్క ఊరికి ఇచ్చారు. మాకు బీదరంటే పరాయి రాష్ట్రమన్న ధ్యాసే లేదు. బండి కడితే పోయి రావచ్చు, రైలెక్కినా అంతే. మొదటి పండుగకు పుట్టింటికి వచ్చినప్పుడు, అత్తగారింట్లో తంగేడును తంగడి అంటారని చెప్పింది. ఆ వీధిలో ఉన్న మరాఠీ వాళ్ళు తరవడ అంటారట, నవరాత్రులలో ఘటానికి ఆ పూల మాలే కడతారట. "పేరు మారింది తమ్మీ, గట్టు మారలే" అన్నది. మా దిక్కున ఇంట్లో తెలుగు, సంతలో ఉర్దూ, వియ్యాలవారితో కన్నడం, మరాఠీ. చెట్టుకు కూడా అన్ని పేర్లూ అలవాటే.

తర్వాత కాలం గబగబా పోయింది. బావులకు మోటార్లు వచ్చాయి, మోటలు అటకెక్కాయి, లంద పూడిపోయింది. వరికి యూరియా వచ్చింది, రొట్ట తొక్కించడం ఆగింది. చెలకల్లో చెరుకు, అల్లం, ఆలుగడ్డ పెరిగాయి, గట్లు సన్నబడ్డాయి. ట్రాక్టరు మలుపుకు అడ్డమని గట్టు మీది గుబుర్లను వేళ్ళతో సహా లాగేశారు. తాత వద్దన్నది అదొక్కటే. న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో పరిశ్రమల కోసం వేల ఎకరాలు తీసుకున్నారు. కొలువులు రావాలి, పిల్లలు బతకాలి, నేను కాదనను. ఆ భూముల గట్ల మీద ఏమేమి ఉండేవో తెలిసినవాళ్ళు ఒక మాట రాసిపెట్టాలన్నదే నా తపన.

మా దిక్కున మంచి కూడా జరిగింది. పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైనప్పటి నుంచి, చిన్న చిన్న చెలకల ఆడవాళ్ళు సంఘాలుగా కూడి, నాయినమ్మ గంపల్లాంటి గంపలనే మళ్ళీ అలికి నిలబెట్టారు. ఏటా సంక్రాంతి నాటి నుంచి పాత పంటల జాతర పేరుతో విత్తనాల ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. మాచ్‌నూర్‌లో 2008 నుంచి వాళ్ళ సంఘం రేడియో నడుస్తున్నది. విత్తకుండా మొలిచే తగిరంచ, గునుగు కూరలాంటివి కూడా తిండేనని, వాటిని కలుపు అని పీకేయొద్దని చెప్పింది వాళ్ళే. ఆ జాతరలో ఒక గంప ముందు నిలబడి వాసన చూశాను. అదే వాసన.

రాష్ట్రం వచ్చాక 2014లో తంగేడును తెలంగాణ పువ్వుగా ప్రకటించినప్పుడు, టీవీలో ఆ మాట విని అక్కకు ఫోన్ చేశాను. కాసేపు ఏమీ అనలేదు. "మన గట్టు పువ్వే కదరా" అన్నది చివరికి. ఆమె గొంతు అచ్చం నాయినమ్మ గొంతులా వినిపించింది. ఇప్పుడు పండుగ వస్తే హైదరాబాదులో రోడ్ల పక్కన తంగేడు కట్టలు అమ్ముతారు. చూస్తే ఒక సంతోషం, ఒక దిగులు. కట్టలన్నీ కొడవలితో ఒకే ఎత్తున కోసినవి. విచ్చిన పువ్వు, మొగ్గ, ఆ పైన గింజంత పిల్లలు, అన్నీ కట్టలోనే ఉంటాయి.

నాయిన పంచిన దానిలో నా పాలికి ఒక ఎకరం చెలక మిగిలింది. మూడేళ్ళ కింద దాని గట్టు మీద తంగేడు ఒక్కటి కూడా లేదని చూసి, జీవితంలో మొదటిసారి ఆ గింజలు విత్తాను. భూదేవి పని నేను ఎత్తుకోవలసి వచ్చింది. మొదటిసారి కాయ వలిచి గింజలు అట్లానే వేశాను, పిడికెడు వేస్తే మూడు మొలిచాయి. దాని పొట్టు గట్టిది, నీళ్ళు లోపలికి దిగవు. మరుసటి యేడు మరిగిన నీళ్ళు దించి కాస్త చల్లారాక గింజల మీద పోసి, ఒక రాత్రి ఉంచి, పొద్దున ఉబ్బిన వాటిని ఏరి వేశాను. అప్పుడు మొలిచాయి. నారు పోసి పీకి నాటితే బతకవు, దాని తల్లివేరు కదిలిస్తే ఓర్చుకోదు. ఉన్నచోటనే పడాలి. నీడ పనికిరాదు, నీళ్ళు నిలవకూడదు, ఎరువు అడగదు. నిరుడు కొన్ని పూశాయి. వాటిని తెంపలేదు, తుమ్మెదలకు వదిలేశాను. గట్టు మీద కూర్చొని లెక్కపెట్టాను: కుడిమీసాలు పదకొండు, ఎడమవి పన్నెండు. అక్కకు ఫోన్ చేసి, నువ్వే గెలిచినవన్నాను.

కాయలు పుష్యం, మాఘం నాటికి ఎండి, గోధుమరంగు కాగితంలా పలుచబడి, గాలికి గలగలమంటాయి. ఒక్కో కాయలో పన్నెండు నుంచి ఇరవై గింజలుంటాయి. మీరు పోయే తొవ్వ పక్కన ఇంకా ఒక గుబురు మిగిలి ఉంటే, నాలుగు కాయలు తెచ్చి దాచిపెట్టండి. మిరుగు దాటి రెండు వానలు పడ్డాక, నేను చెప్పినట్టు నానబెట్టి, మీ గట్టు మీదో, బడి గోడ పక్కనో, కుంట ఒడ్డునో వేలి గోరంత లోతులో వేయండి. ఆ తర్వాత నీళ్ళు పోయనక్కర లేదు.